కలల గోడ మీద రాసిన మాట ఎవరికి చెప్పినట్టు?

కాలేజీ ఫెస్టులోనో, పుస్తక ప్రదర్శనలోనో, షాపింగ్ మాల్ మెట్ల కిందనో ఒక నల్లబోర్డు కనిపిస్తుంది. పైన పెద్దక్షరాలతో ‘నా కల’ అని ఉంటుంది. కింద వరసగా ఖాళీ గీతలు, పక్కన డబ్బాలో చాక్‌పీసులు. వచ్చినవాళ్లు రాస్తారు, ఫోటో దిగుతారు, పోతారు. ఇట్లాంటి గోడ నల్లగొండలోనో పాలమూరులోనో పెడదామనేసరికి రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. దీన్ని కళ అని ఎందుకంటున్నారు? రాస్తే ఏమొస్తది?

మొదటిదానికి జవాబు తేలిక. మామూలు గోడ బొమ్మను పెయింటర్ పూర్తిచేసి పోతాడు, మనం చూస్తాం. ఇక్కడ కళాకారుడు చేసేది ఒక ప్రశ్న, ఒక ఖాళీ, చేతికందే ఒక పనిముట్టు, అంతే. వాకిట్లో చుక్కలు పెట్టి, గీతలు కలిపే పని దారినపోయేవాళ్లకు వదిలేసినట్టు. దీన్నే భాగస్వామ్య కళ అంటున్నారు. ఎన్ని చుక్కలు, ఎంత దూరంలో అన్నది తేల్చుకోవడంలోనే పనితనమంతా ఉంటుంది. రెండో ప్రశ్న అంత తేలిగ్గా తెగదు.

పాడుబడ్డ ఇంటి గోడ నుంచి ఐదు వేల గోడల దాకా

ఇప్పుడు మనం చూస్తున్న రూపం 2011 ఫిబ్రవరిలో అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో పుట్టింది. 2005 నాటి కత్రినా తుపాను తర్వాత ఆ నగరంలో ఖాళీగా పడి ఉన్న ఇళ్లు చాలా మిగిలాయి. కాండీ చాంగ్ అనే కళాకారిణి తన ఇంటికి దగ్గర్లో ఉన్న అట్లాంటి ఒక ఇంటి గోడకు బ్లాక్‌బోర్డు పెయింట్ వేసింది. ‘నేను చనిపోయేలోపు నాకు... చేయాలని ఉంది’ అనే అర్థం వచ్చే వాక్యాన్ని స్టెన్సిల్‌తో పదుల సార్లు అచ్చువేసి చాక్‌పీసులు పెట్టింది. తనకు బాగా దగ్గరైన మనిషి చనిపోయిన దుఃఖంలోంచి వచ్చిన ప్రశ్న అది. మర్నాటికల్లా గోడ నిండిపోయి, రాతలు అంచుల్లోకి పాకాయి. ఆ తర్వాత 75కు పైగా దేశాల్లో 5,000కు పైగా ఇట్లాంటి గోడలు లేచాయి. ఇంటి యజమానినీ, ఆ వీధివాళ్లనూ, నగర సంస్థలనూ అడిగి అనుమతి తెచ్చుకున్నాకే అక్కడ రంగు డబ్బా మూత తీశారు. ఈ సంగతి మన దగ్గర సాధారణంగా మరిచిపోతారు.

ఆమె అంతకు ముందు ఏడాది చేసిన పని ఇంకొకటి ఉన్నది. మూతపడ్డ దుకాణాల మీద ‘ఇది... అయితే బాగుండు’ అని ఖాళీ వదిలిన స్టిక్కర్లు పెట్టింది. కిరాణా కొట్టు అయితే బాగుండు, బేకరీ అయితే బాగుండు అని జనం నింపారు. రెండు ఖాళీలూ ఒకేలా కనిపిస్తాయి గానీ ఒకటి మనిషి బతుకు గురించి అడిగింది, ఇంకోటి ఊరి గురించి అడిగింది. ఈ తేడా చూసుకోకుండా పెట్టిన గోడ మీద రాతలు కలగాపులగం అవుతాయి.

జపాన్‌లో పుట్టిన కళాకారిణి యోకో ఓనో దారి వేరు. చిన్నప్పుడు గుడి దగ్గర పల్చటి కాగితం మీద కోరిక రాసి చెట్టు కొమ్మకు కట్టిన జ్ఞాపకంతో 1996 నుంచి ఆమె దేశదేశాల్లో ‘కోరికల చెట్టు’ పెడుతున్నది. పోగైన చీటీలు పది లక్షలు దాటాయి. వాటిని ఐస్‌లాండ్‌లోని ఒక దీవి మీద 2007లో ఆమె నిలబెట్టిన కాంతి స్తంభం దగ్గరికి చేరుస్తారు.

మనకు ఇది కొత్తేమీ కాదు, కానీ అదే కాదు

చెట్టుకు కోరిక కట్టడమంటే మన దగ్గర ముడుపే. పసుపు గుడ్డలో రూపాయి బిళ్ల మూట కట్టి గుడి చెట్టుకు కడతారు. పిల్లలు కావాలనుకునేవాళ్లు చిన్న గుడ్డ ఊయల కడతారు. పాత నల్లగొండ జిల్లాలోని జాన్‌పహాడ్ దర్గాకో, పాత పాలమూరు జిల్లాలో ఉండిన జహంగీర్ పీర్ దర్గాకో పోయి మొక్కుకుంటారు, పని అయితే కందూరు (యాటను కోసి పెట్టే మొక్కు విందు) చేస్తారు. హిందువా ముస్లిమా అని అక్కడ ఎవరూ అడగరు.

ముడుపుకూ కలల గోడకూ ఉన్న తేడా పట్టుకుంటే విషయం సగం విడిపోతుంది. ముడుపులో కోరిక బయటికి చెప్పరు. మూట అందరికీ కనిపిస్తుంది, లోపలి మాట దేవుడికే తెలుసు. పైగా అది రెండు వైపుల ఒప్పందం: నువ్వు ఇస్తే నేను మొక్కు చెల్లిస్తా. గోడ మీద మాట అందరికీ కనిపిస్తుంది, రాసినవాళ్లే కనిపించరు. అవతల ఇచ్చేవాడూ ఎవడూ లేడు.

మూడోది అర్జీ. సోమవారం ప్రజావాణిలో కలెక్టరేట్ ముందు వరసలో నిలబడి ఇచ్చేది. పేరు, ఊరు, ఫోన్ నంబరు, సంతకం అన్నీ ఉంటాయి. అవతల ఒక అధికారి ఉంటాడు, జవాబు చెప్పే బాధ్యత ఉంటుంది.

ముడుపు దేవుడికి, అర్జీ ఆఫీసరుకు. గోడ మీది కల? నీ తర్వాత అక్కడ వచ్చి నిలబడే తెలియని మనిషికి. రాస్తే ఏమొస్తది అన్న ప్రశ్నకు ఇంతకంటే నిజాయితీ గల జవాబు లేదు: ఒకరు చదువుతారు. అంతకు మించి వస్తుందని చెబితే అది గోడను అర్జీల డబ్బా అని నమ్మించడమే.

‘కల’ అనే మాటతోనే మొదటి చిక్కు

తెలుగులో నిద్రలో వచ్చేదీ కలే, జీవితంలో కావాలనుకునేదీ కలే. ‘మీ కల ఏంది?’ అని పెద్దవాళ్లను అడిగి చూడండి, నిన్న రాత్రి కనపడ్డ పాము సంగతి చెప్పే అవకాశం ఎక్కువ. పాలమూరు, నల్లగొండ మాటలో ‘కల వడ్డది’ అంటే నిద్రలోదే. రెండో అర్థం బడి పుస్తకాల నుంచీ టీవీ నుంచీ వచ్చింది. అందుకే ‘నా కల’ అని పెట్టిన బోర్డు మీద డాక్టర్, కలెక్టర్, ఎస్సై అన్న వ్యాసరచన పోటీ జవాబులే ఎక్కువగా పడతాయి.

పోనీ న్యూ ఆర్లీన్స్ వాక్యాన్నే తెలుగు చేద్దామంటే రెండు అడ్డంకులు. చావు మాటతో మొదలైన వాక్యాన్ని మన దగ్గర చేత్తో పూర్తిచేయడానికి వెనకాడతారు. ‘అట్లనొద్దు, తథాస్తు దేవతలుంటరు’ అని పక్కనున్నవాళ్లే ఆపుతారు. రెండోది వ్యాకరణం. ఇంగ్లీషులో క్రియ ముందొచ్చి ఖాళీ చివర పడుతుంది, ఎంత పొడుగు రాసినా పడుతుంది. తెలుగులో క్రియ చివరికి పోతుంది కాబట్టి ఖాళీ మధ్యలో ఇరుక్కుంటుంది. ఒక్కో అచ్చు ఎట్లా పనిచేస్తుందో చూడండి.

‘నాకు ______ కావాలి’ అని పెడితే వస్తువులే పడతాయి: ఇల్లు, నౌకరి, బోరుబావి. సముద్రం చూడాలనుకున్న మనిషి ‘సముద్రం చూడాలి’ అని రాస్తే దాని వెనక ‘కావాలి’ తోకలా వేలాడుతుంది. ‘నేను ______ అవ్వాలి’ అంటే ఉద్యోగాల జాబితా తయారవుతుంది. ‘నాకు ______ అని ఉన్నది’ కొంచెం మేలు, ఏ క్రియనైనా పట్టుకుంటుంది. కానీ చివర అచ్చు ఉంది కాబట్టి పొడుగు మాట రాసేవాళ్లు దాని మీదికి ఎక్కించేస్తారు.

మన వాక్యానికి బాగా కుదిరేది ‘ఒక్కసారన్నా ______’. ఖాళీ చివరికి వచ్చింది, క్రియను రాసేవాళ్లే తెచ్చుకుంటారు: ఒక్కసారన్నా విమానం ఎక్కాలె. ఒక్కసారన్నా మా నాయనను కాశీకి తీస్కపోవాలె. చావు అన్న మాట లేకుండానే, ఉన్న రోజులు కొన్నే అన్న ఎరుక ఆ ఒక్క మాటలో ఉన్నది. లోటూ ఉంది: ఒక్కసారితో తీరని కోరికలు, సొంత భూమి లాంటివి, అందులో సరిగ్గా ఇమడవు.

ఉర్దూ కోసం అదే వరసలో చోటు వదిలితే పనికిరాదు. కుడి నుంచి ఎడమకు రాస్తారు కాబట్టి మొదటి మాట కుడి అంచున పడాలి, ఖాళీ ఎడమకు సాగాలి. విడిగా ఒక పలక పెట్టడమే నయం. దేవరకొండ వైపు తండాల్లో లంబాడీ మాటను తెలుగు అక్షరాల్లోనే రాస్తారు. దాన్ని తెలుగు చేయమని ఎవరూ అడగకూడదు.

తెలియని మనుషులు ఊర్లో ఎక్కడున్నారు?

ఈ కళ మొత్తం అపరిచితుల మీద ఆధారపడింది. రెండు వందల గడపల ఊర్లో అపరిచితుడే ఉండడు. చేతిరాత చూసి ఎవరి బిడ్డో చెబుతారు. ఒక అమ్మాయి ‘ఇప్పుడే పెండ్లి వద్దు, చదువుకోవాలె’ అని రాసిందనుకుందాం. నల్లగొండ బస్టాండులో రాస్తే అది ఎవరో ఒక అమ్మాయి మాట. గ్రామ పంచాయతీ గోడ మీద రాస్తే పొద్దుగూకేలోపు వాళ్ల నాయనకు తెలుస్తుంది. రెండు చోట్లా సుద్ద ఒకటే, పర్యవసానం వేరు.

కాబట్టి బహిరంగ గోడకు తగిన చోట్లు బస్టాండు, రైల్వే స్టేషన్, జాతర మైదానం, సంత. చెర్వుగట్టు జాతరలోనో కురుమూర్తి జాతరలోనో నాలుగూళ్ల జనం కలిసిపోతారు. ఊర్లోనే చేయాలంటే చీటీలు, తాళం వేసిన డబ్బా వాడాలి. ఇంకో పద్ధతి ఇంకా బాగుంటుంది: రెండూళ్లలో చీటీలు రాయించి ఒక ఊరివి ఇంకో ఊర్లో తాడుకు గుచ్చి వేలాడదీయడం. అపరిచితులు లేనిచోట అపరిచితులను తయారుచేసుకోవడమన్నమాట. రెండూళ్ల మధ్య పెండ్లి సంబంధాలు ఎక్కువుంటే మాత్రం ఇది పారదు.

బస్టాండులోనూ ఆడవాళ్ల ఇబ్బంది ఉంటుంది. వెనక పదిమంది మగవాళ్లు నిలబడి చదువుతుంటే గోడకు ముఖం పెట్టి రాయడం కష్టం. గోడకు ఒక చివర పరదా కట్టి, లోపల చిన్న బల్ల, చీటీలు పెట్టి, వాటిని తర్వాత గోడకు అతికిస్తే రాసేవాళ్లు పెరుగుతారు.

రాయలేని సగం మంది

2011 జనాభా లెక్కల్లో అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత సుమారు 55 శాతం, నల్లగొండది సుమారు 64 శాతం. ఆ తర్వాత కొంత మారి ఉంటుంది, కానీ బస్టాండులో కూర్చున్న ముసలవ్వలకు అక్షరాలు రాలేదు కదా. ‘అందరూ రాయండి’ అన్న గోడ వాళ్లను మొదట్లోనే బయట నిలబెడుతుంది.

పక్కన ఒకరు కూర్చుని రాసిపెట్టాలి. అసలు తప్పు జరిగేది ఇక్కడే. ఒక అవ్వ ఇట్లా చెప్పిందనుకోండి: ‘మా పోరడు బొంబాయిల సెంట్రింగ్ పనికి వోయిండు. ఒక్క దసరకన్నా ఇంట్ల ఉండాలె.’ డిగ్రీ చదివిన వాలంటీర్ దాన్ని విని, ‘నా కుటుంబం కలిసి సంతోషంగా ఉండాలి’ అని చక్కటి తెలుగులో రాస్తాడు. మంచి మనసుతోనే రాస్తాడు. కానీ బొంబాయి పోయింది, సెంట్రింగ్ పోయింది, దసర పోయింది, కొడుకు పోయిండు. పాలమూరు వలస అంతా ఉన్న ఒక్క వాక్యం గ్రీటింగ్ కార్డు అయి కూర్చుంది.

రాసిపెట్టేవాళ్లకు మూడే కట్టుబాట్లు చాలు. చెప్పిన మాటను చెప్పినట్టు రాయడం, రాసింది చదివి వినిపించడం, ‘అట్లనే’ అన్నాకే చాక్‌పీసు కింద పెట్టడం. ఫోన్‌లో గొంతు రికార్డు చేసి వినిపిద్దామనే ఆలోచన చాలామందికి వస్తుంది. గొంతు చేతిరాత కంటే తొందరగా గుర్తుపట్టేస్తారు కాబట్టి రహస్యం నిలవదు.

సున్నం, రంగు, సుద్ద

20 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు గోడ తీసుకుందాం. మొత్తం 160 చదరపు అడుగులు. లీటరు బ్లాక్‌బోర్డు పెయింట్ ఒక కోటుకు సుమారు 100 చదరపు అడుగులు వస్తుంది. రెండు కోట్లకు లెక్క ప్రకారం మూడు లీటర్ల పైచిలుకు, గరుకు ప్లాస్టరింగ్ ఎక్కువ తాగుతుంది కాబట్టి నాలుగు లీటర్లు తెచ్చుకోవాలి.

ముందుగా గోడను అరచేత్తో రుద్ది చూడాలి. తెల్లగా అంటిందంటే సున్నం వేసిన గోడ. దాని మీద నేరుగా పెయింట్ వేస్తే రంగు గోడను పట్టుకోదు, సున్నపు పొడిని పట్టుకుంటుంది; ఒక్క వానకు పొరలు పొరలుగా లేస్తుంది. వైర్ బ్రష్‌తో గీకి, కడిగి, పూర్తిగా ఆరాక సిమెంట్ ప్రైమర్ వేసి అప్పుడు రంగు వేయాలి. కోటుకూ కోటుకూ మధ్య ఒక రాత్రి ఆగాలి. ఆరిన కొత్త బోర్డు మీద వెంటనే రాయనివ్వకూడదు: చాక్‌పీసును అడ్డంగా పట్టుకుని గోడంతా రుద్ది ఒకసారి తుడవాలి. ఇది చేయకపోతే మొదట రాసిన అక్షరాలు ఎంత తుడిచినా నీడలా మిగిలిపోతాయి. గోడ దొరక్కపోతే 8 బై 4 ప్లైవుడ్ షీట్లు నిలబెట్టి కట్టుకోవచ్చు, అనుమతీ తేలిగ్గా వస్తుంది.

చేయి హాయిగా అందేది నేల నుంచి రెండున్నర అడుగుల దగ్గర మొదలై ఆరడుగుల దాకా. ఆ మూడున్నర అడుగుల్లో ఆరంగుళాలకు ఒకటి చొప్పున ఏడు వరసలు, ఒక్కో వాక్యానికి ఐదడుగులు వదిలితే అడ్డంగా నాలుగు: మొత్తం 28 ఖాళీలు. జాతరలో ఇవి గంటలోపే నిండుతాయి. కింది రెండున్నర అడుగులు ఏ అచ్చూ లేకుండా పిల్లలకు వదిలేయాలి. ఎట్లాగూ వాళ్లే ఆక్రమిస్తారు.

పడమటి గోడ వద్దు. ఎండాకాలం మధ్యాహ్నం దాని ముందు నిలబడి ఎవరూ కలలు రాయరు. సుద్ద కోసం పీవీసీ పైపును నిలువునా సగానికి కోసి బిగించి, అడుగున రంధ్రాలు పెడితే పొడీ నీళ్లూ నిలవవు. ఒకేసారి డబ్బా మొత్తం పెడితే పిల్లల జేబుల్లోకి పోతుంది, పది పది చొప్పున పెట్టాలి. చీకటి మూల అసలే పనికిరాదు. దేవుళ్ల టైల్స్ అతికించి గోడలు కాపాడుకునే ఊళ్లు మనవి, చీకటి గోడకు ఏ గతి పడుతుందో చెప్పనక్కర్లేదు.

ఏది తుడవాలి, ఏది ఉంచాలి

ఫోన్ నంబర్లు, ఇంకొకరు రాసిన అమ్మాయిల పేర్లు, కులం పేరుతో తిట్లు కనిపించిన వెంటనే తుడవాలి, ఇందులో చర్చ లేదు. హీరోల జేజేలు, పార్టీల జిందాబాద్‌లు గోడను మింగేస్తాయి. వాటికి పక్కన ఒక పలక వదిలేస్తే అసలు గోడ బతుకుతుంది. పబ్లిక్ గోడల మీద రాతలను అడ్డుకునే 1997 నాటి చట్టం ఉన్నది కాబట్టి మున్సిపాలిటీ నుంచో, డిపో మేనేజర్ నుంచో, గోడ యజమాని నుంచో కాగితం మీద అనుమతి ఉండాలి. ఎన్నికల కోడ్ వస్తే పబ్లిక్ గోడ మీద పార్టీ రాతలు ఉంచకూడదు.

తేలనిది ఇంకో రకం. మర్రిగూడ, మునుగోడు వైపు దశాబ్దాల పాటు ఫ్లోరైడ్ నీళ్లు ఎముకలను వంచిన ప్రాంతం ఉన్నది. అక్కడి మనిషి ‘ఒక్కసారన్నా మంచి నీళ్లు...’ అని మొదలుపెడితే అది కలా, ఫిర్యాదా? నిర్వాహకులు తరచుగా ఇట్లాంటివాటిని ‘నెగెటివ్’ అని తుడిచేస్తారు. అది అన్యాయం. అట్లాగని ఉంచి ఊరుకుంటే పని అయిందని రాసినవాళ్లు భ్రమపడవచ్చు. ‘ఇక్కడ రాసింది అర్జీ కింద రాదు, అర్జీ సోమవారం ప్రజావాణిలో ఇవ్వాలి’ అని గోడ మీదే ఒక మూల రాయడం కనీస మర్యాద. కావాలన్నవాళ్లకు అక్కడే తెల్లకాగితం మీద అర్జీ రాసిపెట్టగలిగితే ఇంకా మంచిది.

కోరిక పైకి చెప్పడం ఎప్పుడు ఫలించిందో తెలుసుకోవాలంటే మన పోచంపల్లి ఉండనే ఉన్నది. 1951 ఏప్రిల్ 18న అప్పటి నల్లగొండ జిల్లాలోని ఆ ఊర్లో దళిత కుటుంబాలు వినోబా భావే ముందు తమకు 80 ఎకరాల భూమి కావాలని చెప్పాయి. అక్కడే ఉన్న వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నాడు. భూదానోద్యమం మీద విమర్శలు వేరే సంగతి. ఇక్కడ గమనించాల్సింది, అడిగినవాళ్ల ముఖాలు కనిపిస్తున్నాయి, ఎన్ని ఎకరాలో చెప్పారు, ఇవ్వగలిగిన మనిషి ఎదురుగా కూర్చున్నాడు. కలల గోడ దగ్గర ఈ మూడూ ఉండవు.

పొగిడేవాళ్లూ, పెదవి విరిచేవాళ్లూ

1990ల్లో ఫ్రెంచ్ విమర్శకుడు నికోలా బూరియో, మనుషుల మధ్య ఏర్పడే సంబంధమే కళకు ముడిసరుకు కావచ్చని వాదించాడు. కలల గోడను సమర్థించేవాళ్లు నిలబడే నేల అదే. 2004లో బ్రిటిష్ కళా చరిత్రకారిణి క్లెయిర్ బిషప్ అడ్డు ప్రశ్న వేసింది: ఆ సంబంధాలు ఎవరి మధ్య? ఒకే రకం మనుషులు కలుసుకుని సంతోషపడి పోతే, గొడవకు చోటే లేకపోతే, దాన్ని ప్రజాస్వామ్యమని ఎట్లా అంటాం? మాల్‌లో పెట్టిన గోడకు ఈ ప్రశ్న సూటిగా తగులుతుంది, బస్టాండు గోడకు కొంచెం తక్కువ.

ఇంకో కొలబద్ద 1969లో అమెరికాలో షెర్రీ ఆర్న్‌స్టీన్ వేసిన నిచ్చెన. ప్రజల భాగస్వామ్యానికి ఎనిమిది మెట్లు: అడుగున జనాన్ని మభ్యపెట్టడం, మధ్యలో అడిగినట్టు చేసి వదిలేయడం, పైన అధికారం జనం చేతికి రావడం. కళాకారులు ఏ హామీ లేకుండా పెట్టిన గోడ ఈ నిచ్చెన ఎక్కనే లేదు, కాబట్టి జారేది లేదు. అదే గోడను ఒక ఆఫీసు పెట్టి, ఫోటోలు తీసి, ‘ప్రజాభిప్రాయం సేకరించాం’ అని ఫైల్లో పెడితే నిచ్చెన మధ్య మెట్టు మీద ఉన్నట్టే.

చెబితే కల నెరవేరుతుందా అన్నదాని మీద పరిశోధన కూడా ఉత్సాహం కలిగించేది కాదు. 2009లో జర్మన్ మనస్తత్వవేత్త పీటర్ గోల్‌విట్జర్ బృందం చేసిన ప్రయోగాల్లో, తాను ఫలానా అవుతానన్న సంకల్పాన్ని ఇతరులు గమనించినప్పుడు మనుషులు దాని కోసం చేసే పని తగ్గింది. సగం అయిపోయినట్టు అనిపిస్తుందట. మంచి కల బయటికి చెప్పొద్దు, దిష్టి తగులుతుందని మన ఇళ్లల్లో అనే మాట దీనికి పక్కింటిదే. అయితే ఆ ప్రయోగాలు వృత్తి లక్ష్యాల గురించి. కొడుకు దసరకు రావాలన్న కోరికకు వాటిని అంటగట్టలేం, అక్కడ అవ్వ చేయగలిగిన పనేమీ లేదు.

తుడిచే రోజు

2016 నవంబరులో న్యూయార్క్ సబ్‌వే (భూగర్భ రైలు స్టేషన్ల) గోడల మీద వేలమంది మనసులో మాట రాసిన రంగు చీటీలు అతికించారు. తీసేటప్పుడు వాటిలో కొన్నింటిని నగరంలోని చరిత్ర సంస్థ భద్రపరిచింది. ఓనో చీటీలన్నీ దాస్తుంది. సుద్ద గోడ దేన్నీ దాచుకోదు, మిగిలేవి ఫోటోలే. పొద్దున ఒకటి, తుడిచేముందు ఒకటి తీస్తే చాలు. రాస్తున్న మనిషి ముఖం అందులో పడకుండా చూసుకోవాలి. తుడవడం ముందు పొడి గుడ్డతో, ఆ తర్వాత తడి గుడ్డతో. మొదటే నీళ్లు కొడితే సుద్ద పాలలా కారి గోడంతా బూడిదరంగుకు తిరుగుతుంది, మర్నాటి రాతలు కనిపించవు.

ఎప్పుడు తుడుస్తారో తేదీ వేసి గోడ కింద రాయాలి. మూడో రోజు ఊరికి పోయే బస్సు కోసం వచ్చిన అవ్వ, తన మాట ఇంకా ఉన్నదా అని పక్కవాళ్లతో చదివించుకోవడానికి ఆ గోడ దగ్గరికే వస్తుంది.